ఒక గొర్రె, ఒక మాట

నకిరేకల్,
1961 ఆగస్టు 9.

తమ్ముడు భీమయ్యకు,

యాదగిరి నరసింహుని దయవల్ల ఇంట్లో మనుషులం లేచి తిరుగుతున్నాం. మంద సంగతే బాగా లేదు. తొలకరికి మొలిచిన పచ్చిగడ్డి మేసి, చిటుకు రోగం తగిలి, క్లబ్బు గొర్రెలు సగానికి పైగా పోయాయి. పొద్దున మేతకు తోలిన గొర్రె పొద్దు గూకేలోపు కాళ్ళు కొట్టుకొని ఒరిగిపోయేది. గోతులు తవ్వి తవ్వి మీ బావ చేతులు బొబ్బలెక్కాయి. ఆయన రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఈ ఉత్తరం మంజులతకు కూడా చదివి వినిపించు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి మన క్లబ్బు సంగతి ఆమెకు వింతగా ఉందని రాశావు. ఫుట్‌బాల్ ఆటకూ గొర్రెలకూ ఏం సంబంధమని అడిగిందట. అమ్మా, మాది షావుకారు పెట్టిన క్లబ్బు కాదు. పదేళ్ళ కింద ఊళ్ళో నలభై ఇళ్ళవాళ్ళు తలా ఒక ఆడగొర్రెను ఇచ్చి పెట్టుకున్నది. కురుమలు ఇచ్చారు, దూదేకులవాళ్ళు ఇచ్చారు, దర్జీ ఖుద్దూస్ భాయ్ భార్య వజీరా తన కాళ్ళ కడియాలు అమ్మి గొర్రెను కొని ఇచ్చింది. ఆ మందను మా ఆయన జానయ్య మేపుతాడు. ఏ ఇంటి గొర్రెకు ఆ ఇంటి చెవికోత గుర్తు. ఒకటి చస్తే దాని స్థానంలో పిల్లకు అదే గుర్తు పెడతాం. మిగిలిన పిల్లలనూ ఉన్నినీ అంగట్లో అమ్మితే బంతికి, బట్టలకు, పట్నం షీల్డు ఆటకు బస్సు కిరాయికి సరిపోతుంది. ఏది నిర్ణయించాలన్నా అందరం కూర్చుంటాం. గొర్రెను ఇచ్చిన ప్రతివాళ్ళకూ మాట ఉంటుంది. "ఒక గొర్రె, ఒక మాట" అని మీ ఆయనే క్లబ్బు కాయితంలో రాశాడు.

ఉన్న పిల్లలన్నీ చచ్చినవాటి గుర్తులకే సరిపోయాయి, ఈసారి అమ్మడానికి పిల్లల్లేవు. షీల్డు ఆటలో ఇక బూట్లు లేనిదే దిగనివ్వరట. ఈ సంవత్సరం ఆపుదామా అని మొన్న కూర్చున్నాం. అప్పుడు, నువ్వు ఊరు విడిచాక ఇక్కడ రైసుమిల్లు పెట్టిన కాటమయ్య సేటు పిలవకుండానే వచ్చాడు.

"క్లబ్బుకు యాభై గొర్రెలిస్త. బూట్లిస్త. బస్సు నాది. మన ఊరి పోరగాండ్లు పట్నంల తల దించుకోవద్దు" అన్నాడు.

మన బక్కమ్మత్త నోరు నీకు తెలుసు కదా. "మిల్లు కాడ రాలిన నూకలు ఏరుకుంటె కట్టె తీస్కోని కొట్టెటోడు, యాభై గొర్రెలు ఉత్తగనే ఇస్తడా?" అంది. అందరూ నవ్వారు. కాటమయ్య కూడా నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఎందుకో నచ్చలేదు. ఎదుటి మనిషిని ఊరికే అనుమానించడం పాపమని దేవుని ముందు దీపం పెట్టి లెంపలు వేసుకున్నాను. అయినా మనసు కుదుటపడలేదు.

నువ్వు సహకార ఆఫీసులో పనిచేస్తున్నావు. చదువుకున్నవాడివి. ఏం చెయ్యమంటావో రాయి.

మీ అక్క,
యాదలక్ష్మి.

*

మహబూబ్‌నగర్,
1961 ఆగస్టు 20.

అక్కకు,

మంద సంగతి చదివి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బావను ధైర్యంగా ఉండమను.

కానీ షీల్డు ఆట ఆపుదామనే మాట ఎవరి నోటినుంచి వచ్చింది? నేను ఆడిన ఆ రోజు మరచిపోయారా? పట్నంలో కుండపోత వాన. మన కాళ్ళకు బూట్లు లేవు, వాళ్ళ కాళ్ళకు ఉన్నాయి. చుట్టూ ఉన్న జనం మనల్ని చూసి "మే, మే" అని గొర్రెల్లా అరిచారు. ఖుద్దూస్ భాయ్ ఎడమపక్క నుంచి బంతి తోశాడు. బురదలో జారుతూనే కొట్టాను. బంతి వల్లో పడ్డాక ఆ జనానికి నోరు పెగలలేదు. నల్ల గొంగడి రంగు చొక్కాలో, తెల్ల అంచుతో, ఆ నిమిషంలో నేను ఎంత పొడుగున్నానో ఇప్పటికీ నాకు తెలియదు. ఇక్కడ రోజంతా ఫైళ్ళు రాసి వచ్చి మంచంమీద వాలితే, కళ్ళు మూసుకోగానే ఆ వానే కురుస్తుంది. అలాంటి క్లబ్బును నాలుగు రూపాయలు లేవని ఆపుతారా?

కాటమయ్యగారిని నేను ఎరుగను గాని పెద్దమనిషని విన్నాను. గొర్రెలను తీసుకోండి. ఎవరు ఇస్తే ఏం? దేవుడు ఏ రూపంలో వస్తాడో తెలియదని నువ్వే చెబుతావు కదా. ఒకసారి షీల్డు నకిరేకల్‌కు వస్తే చాలు, ఆ తరువాత చచ్చిపోయినా ఫరవాలేదు.

పది రూపాయలు మనియార్డరు పంపుతున్నాను. మంజులత నీకు దండాలు చెప్పమంది.

భీమయ్య.

*

నకిరేకల్,
1961 అక్టోబరు 26.

తమ్ముడికి,

నీ మాట మీదే అందరూ ఒప్పుకున్నారు. దసరా ముందు కాటమయ్య గొర్రెలు వచ్చాయి. లారీలో తెచ్చి దింపారు.

మీ బావ ఒకదాని మూతి తెరిచి చూశాడు. ఇంకొకదాన్ని చూశాడు. తరువాత చూడటం మానేశాడు. "సేటూ, వీటికి పండ్లు లెవ్వు. కటికె దుకాణానికి పోయెటియి గివి. ఈనవు, ఉన్ని రాదు. ఏం జేసుకోవాలె?" అన్నాడు.

"గొర్రె గొర్రెనే గద జానయ్యా! పండ్లున్న గొర్రెకే మాట అని మీ కాయితంల రాసుందా?" అన్నాడు కాటమయ్య.

మన కాయితంలో ఏముందో అతనికి ఎలా తెలిసిందో నాకు అర్థం కాలేదు. అక్కడున్నది అందరూ గొర్రెల్లో పుట్టి పెరిగినవాళ్ళే. అవి కోతకు పోవలసిన ముసలి గొర్రెలని చూడగానే తెలిసింది. తెలిసీ ఎవరూ నోరెత్తలేదు. ఎందుకంటే ఆ లారీ వెనకే బూట్ల పెట్టె దిగింది. కొత్త తోలు వాసన వస్తుంటే పిల్లలు చుట్టూ మూగారు. పెద్దవాళ్ళు కూడా మూగారు. నేను వాళ్ళను తప్పుపట్టడం లేదు. నేనూ ఊరుకున్నాను.

ఖుద్దూస్ భాయ్ కుట్టిన నల్ల చొక్కాలు ఇక వద్దట. పసుపుపచ్చ పట్టు చొక్కాలు వచ్చాయి, రొమ్ము మీద మిల్లు పేరుతో. పట్నం నుంచి ఏడుగురు ఆటగాళ్ళను కూలికి తెచ్చారు. మిల్లు అరుగు మీదే వాళ్ళ మకాం. తిని పారేసిన ఎముకలు మన గోలు కర్ర దగ్గరే పడేస్తున్నారు. ఖుద్దూస్ భాయ్ కొడుకు దస్తగిరి గోలు కాసే మన గోలీ కదా, అతన్ని పక్కన కూర్చోమన్నారు. పాపం, ఆ అబ్బాయి పోయి గీత పక్కన కూర్చున్నాడు. తండ్రి నాతో, "అక్కా, నా పోరడు కూసుంటే నాకు ఫికర్ లేదు. మన ఊరే కూసున్నట్టు కొడుతుంది" అన్నాడు.

పదేళ్ళుగా ఆటకు పోయేముందు బంతికి నేను బీరప్ప బండారి పసుపు రాస్తాను, వజీరా సాంబ్రాణి పొగ చూపిస్తుంది. ఈసారి కూడా ఇద్దరం పళ్ళెం పట్టుకొని నిలబడ్డాం. కాటమయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "గీ పసుపు గీ పొగ ఏంది? తోలు ఖరాబైతది" అన్నాడు. కూలి ఆటగాడొకడు పకపకా నవ్వి, నా పళ్ళెంలోని పసుపు చిటికెడు తీసి పక్కవాడి ముక్కుకు రాశాడు.

పళ్ళెం పట్టుకొని వెనక్కి తిరిగాను. ఇంటికి వచ్చి చేతులు కడుక్కున్నాను. నా చేతులకు ఏ మురికీ లేదు. అయినా మళ్ళీ మళ్ళీ కడుక్కున్నాను.

యాదలక్ష్మి.

*

మహబూబ్‌నగర్,
1961 నవంబరు 21.

అక్కకు,

వరుసగా మూడు ఆటలు గెలిచాం! పేపరులో చూశావా? "కాటమయ్య మిల్స్, నకిరేకల్" అని వేశారు. ముందు ఏముంటే ఏం, చివర మన ఊరు పేరు ఉంది కదా. మా ఆఫీసులో అందరికీ చూపించాను. మా సూపరింటెండెంటు చాయ్ తెప్పించాడు.

నీ ఉత్తరం చదివితే నాకు కష్టం కలిగింది. ఒక్క పసుపు చిటికె కోసం ఇంత మనస్తాపం ఎందుకు? నువ్వు లోకాన్ని మంద దొడ్డిలో నుంచి చూస్తావు అక్కా, అందుకే అన్నిటికీ పెంట వాసన తగులుతుంది. ఆట మారింది. వట్టి కాళ్ళతో, వట్టి ప్రేమతో గెలిచే రోజులు పోయాయి. పైసలు లేనిదే ప్రేమ కూడా నిలవదు. దస్తగిరి చిన్నవాడు, అతని రోజు అతనికి వస్తుంది.

మంజులత మాత్రం నీ పక్షమే. "మీ మొగోళ్ళకు బంతి కనవడితే ఇగ మనిషి కనవడడు" అంటూ దెప్పుతోంది. అననీ. చివరి ఆట డిసెంబరు పదిహేడున. సెలవు పెట్టి పట్నం పోతున్నాను. షీల్డు నా చేత్తో ముట్టుకొని నీకు ఉత్తరం రాస్తాను.

భీమయ్య.

*

మహబూబ్‌నగర్,
1961 డిసెంబరు 19.

అక్కా,

ఓడిపోయాం. ఓడిపోవడం కాదు, అమ్ముకున్నాం.

ఆట అయిపోవడానికి కాస్త ముందు వరకు మనదే పైచేయి. తరువాత వాళ్ళవాడొకడు బంతి తీసుకొని మెల్లగా నడిచినట్టే వచ్చాడు. మన కూలి గోలీ అతన్ని చూసి పక్కకు జరిగాడు. తలుపు తీసి చుట్టాన్ని లోపలికి రమ్మన్నట్టు జరిగాడు. మళ్ళీ అలాగే ఇంకొకటి. నేను గొంతు పోయేలా అరుస్తూనే ఉన్నాను. పక్కనున్న ముసలాయన నా భుజం తట్టి, "ఎందుకు బేటా గొంతు చింపుకుంటవ్, అయిపోయిన బేరం" అన్నాడు.

వెనక్కి వెళ్ళాను. ఆ గోలీ కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఎందుకు వదిలావని అడిగాను. సిగ్గు లేదు, దాపరికం లేదు. "సేటు చెప్పిండు. గెలిస్తె సగం కూలి, ఓడితె పూర కూలి" అని తువాలుతో కాళ్ళు తుడుచుకున్నాడు.

అవతలి జట్టును నడిపేది ఒక పెద్ద అధికారి. సర్కారు బియ్యం కాంట్రాక్టు ఆయన సంతకం మీద ఉందట. షీల్డు ఇచ్చేటప్పుడు కాటమయ్య ఆయన పక్కనే నిలబడి చప్పట్లు కొట్టాడు. మన ఓటమికి మన సేటు చప్పట్లు! నాకు అక్కడే వాంతి అయింది. నిజంగానే అయింది అక్కా, మాటవరసకు కాదు. ఆ పసుపు చొక్కాల మీద మన ఊరు పేరు చూస్తుంటే కుళ్ళిన దాన్ని మింగినట్టు అనిపించింది.

వెంటనే అందరినీ కూర్చోబెట్టండి. వాణ్ణి వెళ్ళగొట్టండి. క్లబ్బు మనది. ఒక్కడు మనల్ని ఏం చెయ్యగలడు?

భీమయ్య.

*

నకిరేకల్,
1962 జనవరి 24.

భీమయ్యకు,

నువ్వు చెప్పినట్టే కూర్చున్నాం. క్లబ్బు జాగాలోనే, మంద పక్కనే.

మనం నేల మీద కూర్చున్నాం. కాటమయ్య ఇంటినుంచి కుర్చీ తెప్పించుకున్నాడు. నోట్లో పాన్. ఖుద్దూస్ భాయ్ లేచి, పట్నంలో జరిగిందంతా మర్యాదగా చెప్పి, "నీ గొర్రెలు నువ్వు తీస్కపో సేటూ, మా క్లబ్బును మాకిడిచిపెట్టు" అన్నాడు. నలభై ఇళ్ళవాళ్ళూ చేతులెత్తారు. బక్కమ్మత్త రెండు చేతులూ ఎత్తింది.

కాటమయ్య పాన్ నమిలి నమిలి, గోలు కర్ర మొదట్లో ఉమ్మాడు. ఎర్రగా కారింది. "మీయి నలభై మాటలు. నాయి యాభై. ఒక గొర్రె, ఒక మాట. ఇగ నా మాట ఇనుండ్రి. రేపటి సంది గీ జాగల మిల్లు వడ్లు ఎండుతయి. ఆట ఇంకెక్కడనన్న ఆడుకోరి" అన్నాడు.

ఎత్తిన చేతులు ఒక్కొక్కటే దిగాయి. పదేళ్ళ కింద ఆ నియమం పెట్టుకున్నప్పుడు తలా ఒకటే ఇచ్చాం కాబట్టి, ఒకడు యాభై తోలుకొస్తాడని మన ఊహకు రాలేదు. మన ఇళ్ళలో గొర్రె అంటే మనిషి లెక్కే కదా. గొర్రెను ఇచ్చినవాడికి మాట అనుకున్నాం గాని, గొర్రెకే మాట అని చదివేవాడు ఒకడు వస్తాడనుకోలేదు.

నేను లేచాను. నలుగురిలో మాట్లాడటం నాకు అలవాటు లేదు. "గట్ల రాసుకున్నది గింత పాపానికి కాదు సేటూ. రాసినోడు మా తమ్ముడు. వాని మనసుల ఏముండెనో నాకెర్క" అన్నాను.

దానికి అతను నవ్వాడు. "నీ తమ్ముడే గదమ్మా నాకు సదివి చెప్పింది! పోయిన ఎండకాలం మహబూబ్‌నగర్ల ఆయన ఇంట్లనే అన్నం తిన్న. వానల గోలు గొట్టిన ముచ్చట మూడుసార్లు జెప్పిండు, మూడుసార్లు శభాషన్న. మీ క్లబ్బుల ఎవరి మాట నడుస్తది భీమయ్యా అంటె, ఎన్ని గొర్రెలుంటె అన్ని మాటలని ఆయన్నే చెప్పిండు. మంచోడు, పాపం. కూర గూడ మళ్ళ మళ్ళ ఏసిండు."

"మా తమ్ముడు గట్ల చెయ్యడు" అన్నాను. అందరూ నేల చూపులు చూశారు. ఖుద్దూస్ భాయ్ కూడా.

అప్పుడు బక్కమ్మత్త లేచింది. కొంగు నడుముకు చుట్టి, తిన్నగా దొడ్లోకి వెళ్ళి, చెవికోత చూసుకొని తన గొర్రెను పట్టింది. దాన్ని ఈడ్చుకుంటూ కాటమయ్య కుర్చీ ముందు నిలబెట్టి, "నీ యాభై నోర్లల్ల ఒక్క పన్ను లేదు. నా గొర్రె నేను తోల్కపోతున్న. నీ మాటలు నువ్వే నములుకో!" అంది.

ఒక్కొక్కరే లేచారు. మీ బావ దొడ్డి కంప తీశాడు. వజీరా తన గొర్రెను పట్టుకుంది. ఇళ్ళకు ఇళ్ళే వచ్చి, ఎవరి గుర్తు వాళ్ళు చూసుకొని, ఎవరి గొర్రెను వాళ్ళు తోలుకుపోయారు. కాటమయ్య ముందు నవ్వుతూ చూశాడు. మీ బావ గొంగడి భుజాన వేసుకొని, కట్టె తీసుకొని బయటికి నడిచాక నవ్వు ఆగింది. "ఓ జానయ్యా, మరి వీటినెవడు మేపాలె?" అని అరిచాడు. మీ బావ వెనక్కి తిరగలేదు.

ఇప్పుడు ఆ ముసలి గొర్రెలు వడ్ల మధ్య తిరుగుతూ రోజంతా అరుస్తున్నాయి. మిల్లు కూలీలు కట్టెలతో బాదుతున్నారు. నోరులేని జీవాలు, వాటి తప్పేముంది? వినలేక తలుపు వేసుకుంటున్నాను.

అతను నీ ఇంట్లో అన్నం తిన్నాడా? ఆగస్టులో నువ్వు అతన్ని ఎరుగనని రాశావు. అబద్ధమని నువ్వు రాస్తే అతన్నే అబద్ధికుడు అనుకుంటాను. దేవుని ముందు నిలబడి రాయి.

యాదలక్ష్మి.

*

మహబూబ్‌నగర్,
1962 ఫిబ్రవరి 2.

అక్కకు,

ఇంటికి వచ్చిన మనిషికి అన్నం పెట్టడం తప్పా? మన ఊరివాడు, ఏదో పనిమీద వచ్చాడు, నా పేరు వెతుక్కుంటూ వచ్చాడు. ఇక్కడ నన్ను ఎవరు వెతుక్కుంటూ వస్తారు? ఆ గోలు సంగతి అడిగాడు, చెప్పాను. క్లబ్బు సంగతి అడిగాడు, అదీ చెప్పాను. భోజనం దగ్గర నాలుగు ముచ్చట్లు. ఎరుగనని రాయడం ఆ రోజు తేలికనిపించింది, అంతే. ఆ మనిషి కడుపులో ఇంత విషం ఉందని నాకెలా తెలుస్తుంది?

నిజమే, మా ఆఫీసులో ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకే ఓటు అని రోజూ నేనే రాస్తాను. క్లబ్బు కాయితం మార్చాలని ఎన్నడూ తోచలేదు. ఒక గొర్రె, ఒక మాట. వినడానికి బాగుండేది.

సరే, అయిందేదో అయింది. కొత్తగా మళ్ళీ మొదలుపెడుతున్నారని ఊరినుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. చాలా సంతోషం. అమ్మ నా పేరుమీద ఇచ్చిన గొర్రెను కూడా తోలుకొచ్చారు కదా? నన్ను కూడా లెక్కలో వేసుకోండి. ఖుద్దూస్ భాయ్‌ను నల్లబట్ట కొనమను. ఇరవై రూపాయలు మనియార్డరు చేశాను.

భీమయ్య.

*

నకిరేకల్,
1962 ఫిబ్రవరి 11.

భీమయ్యకు,

నీ మనియార్డరు తీసుకోలేదు. పోస్టుమాన్ వెనక్కి పట్టుకుపోయాడు. నీకు ఈపాటికి చేరి ఉంటుంది.

వాగు ఇసుకలో ఆడుతున్నారు. ఇసుకలో బంతి సరిగా దొర్లదు, కాళ్ళు కూరుకుపోతాయి. అయినా ఆడుతున్నారు. దస్తగిరి గోలు దగ్గర నిలబడుతున్నాడు. పట్నం ఆట ఇప్పట్లో లేదు, బూట్లు లేవు. ఇంటికి ఒక మాట అని ఈసారి రాసుకున్నాం. ఆ మాట చెప్పింది బక్కమ్మత్త, రాసింది నేను. మొన్న బంతికి బండారి రాశాను, వజీరా పొగ చూపించింది. ఎవరూ నవ్వలేదు.

నేను నీమీద కోపంతో ఈ ఉత్తరం రాయడం లేదు. కోపమైతే ఒక పూటలో పోయేది. అతను నీ విస్తట్లో చెయ్యి పెట్టి మన ఊరిని తిన్నాడు. నువ్వు పొగడ్తకు ఆశపడి వడ్డించావు. వడ్డించిన సంగతి దాచి, అతను పెద్దమనిషని విన్నానని నాకు రాశావు. నీ మాట నమ్మి నేను ఇల్లిల్లూ తిరిగి అందరినీ ఒప్పించాను. ఆ రోజు నలుగురి ముందు నిలబడి "మా తమ్ముడు గట్ల చెయ్యడు" అన్నాను. ఆ మాట తలచుకుంటే నా నోరే నాకు రోతగా ఉంది. తులసితీర్థం పుచ్చుకున్నా ఆ రుచి పోవడం లేదు.

నీ గొర్రె సంగతి అడిగావు. ఎడమ చెవికి రెండు కోతలు. నాకు తెలుసు, అమ్మ ఆ గుర్తు పెట్టిననాడు పక్కనే ఉన్నాను. ఆ రోజు మీ బావ దాన్ని పట్టుకున్నాడు కూడా. నేనే వదిలెయ్యమన్నాను. ఆ పళ్ళు లేని గొర్రెలను కాటమయ్య ఇప్పుడు మిల్లు వాకిట్లోకి తోలించాడు, వాటి మధ్య ఉంది. చిక్కిపోయింది, కాని బతికే ఉంది.

లెక్కలో ఉండాలని ఉంటే రా. బస్సు దిగి ఇంటికి రాకు. తిన్నగా మిల్లు వాకిట్లోకి వెళ్ళు. అందరూ చూస్తుండగా అతని ముందు నిలబడి, నీ గొర్రెను నువ్వే అడిగి, ఊరి నడిమి నుంచి నువ్వే తోలుకురా. అతను మళ్ళీ ఆ వానలో గోలు సంగతి చెప్పమంటాడు. చెప్పకుండా రా.

ఆ తరువాత అన్నం పెడతాను.

యాదలక్ష్మి.